పాట కింద మాటలు

2007 జూన్ 12, మంగళవారం. మదనపల్లె.

ఇవాళ బడి తెరిచారు. ఎనిమిదో తరగతి వాళ్ళు సెలవుల్లో ఒత్తులన్నీ మరిచిపోయి వచ్చారు. నాకు మాత్రం ఏదీ మరుపు రాలేదు.

డీవీడీ చేతికొచ్చింది. నెలల తరబడి అడుగుతున్నాను. మా అన్న రెడ్డెప్ప ఒకసారి గీతలు పడ్డాయన్నాడు, ఒకసారి ఎవరో తీసుకుపోయారన్నాడు, ఇంకోసారి అసలు వీడియోనే సరిగ్గా రాలేదన్నాడు. ఇట్లా కాదని నేనే కుప్పం పోయి, మా ఊరి భారతం ఉత్సవాల వీడియో తీసిన నిజాముద్దీన్ స్టూడియోలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అతను తల గోక్కున్నాడు.

"రెడ్డెప్ప ఎవురికీ ఇయ్యొద్దన్నాడమ్మా," అన్నాడు.

"గంగులప్ప కూతుర్ని నేను. మా నాయన వీడియో నాకు ఇయ్యొద్దనేదానికి రెడ్డెప్ప ఎవురు?" అన్నాను.

కాపీ కొట్టి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఆగస్టు ఆఖర్లో నాయన సంవత్సరీకం. గుడుపల్లె దగ్గర మా ఊళ్ళో, రెడ్డెప్ప ఇంట్లోనే. చుట్టాలంతా వస్తారు. వాళ్ళందరి ముందూ ఈ వీడియో పెట్టి ఒకే ఒక మాట అడుగుతాను. గుండె బాగాలేని మనిషిని, మేడ మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టరు చెప్పిన మనిషిని అర్జున వేషగాడు ఎక్కే అంత ఎత్తు తపస్సు మాను ఎవరు ఎక్కించారు? మే నెలలో ఎక్కాడు, ఆగస్టులో పోయాడు. నాయనను చంపింది రెడ్డెప్ప. ఆ మాట వాడి నోటితోనే చెప్పించి ఆ గడప దిగుతాను. ఇంక వాడు నాకు అన్న కాడు, నేను వాడికి చెల్లెలిని కాను.

జూన్ 14, గురువారం

తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నమే బడినుంచి వచ్చేశాను. తలుపు వేసుకుని చూశాను.

అర్జునుడు తపస్సుకు పోయే రోజు. పొద్దుటి ఎండ. మాను నిలబెట్టి ఉంది, కొబ్బరిచెట్టు కంటే ఎత్తు, ఎక్కడానికి అడ్డకర్రలు కొట్టి. కింద ఆడవాళ్ళు తడిచీరలతో కొంగులు పరుచుకుని కూర్చున్నారు. పిల్లలు లేనివాళ్ళు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కొంగులో పడితే, దాన్ని తింటే, కడుపు పండుతుందట. నన్ను ప్రతి ఏడూ రమ్మనేవాళ్ళు. ఊరందరి ముందూ తడిసి కూర్చుని నా కడుపు సంగతి మైకులో చెప్పించుకోవాలా? ఎప్పుడూ పోలేదు. పోయినేడు నాయన స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు. నాకు పనుంది, రానన్నాను. గట్టిగానే అన్నాను.

నాయనది అర్జున వేషం. కిరీటం, భుజకీర్తులు, ముఖానికి రంగు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ వేషం నాయనదే. ఆ ఏడు మాత్రం రెడ్డెప్ప కట్టాలని ఊరి పెద్దలు ముందే తీర్మానం చేశారు. మరి రంగు నాయన ముఖానికి ఎందుకు పడింది? ఎందుకంటే రెడ్డెప్పకు ఎత్తంటే భయం. చిన్నప్పుడు చింతచెట్టు మీద సగం దాకా పోయి ఏడ్చినవాడు. ముసలాయనను పైకి పంపి తాను నేలమీద నిలబడ్డాడు.

నాకు కావలసింది దొరికింది. నాయన మొదటి అడ్డకర్ర మీద కాలు పెట్టాడు. వెనకనుంచి రెడ్డెప్ప రెండు చేతులూ నాయన నడుముకు వేసి పైకి ఎత్తుతున్నాడు. నాయన తల తిప్పి ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో వినపడదు. వీడియో అంతటా ఏదో సినిమా భక్తి పాట వేసి పెట్టారు. డప్పు లేదు, మైకు లేదు, మనుషుల మాట ఒక్కటి లేదు. పాట అయిపోతే మళ్ళీ అదే పాట.

తర్వాత నాయన పైనుంచి నిమ్మకాయలు విసురుతుంటే, రెడ్డెప్ప ఆ ఆడవాళ్ళ మధ్య దూరి ఎగిరి ఒక కాయ పట్టుకున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పాపం ఎవరికో దక్కవలసిన కాయ. సిగ్గులేని మనిషి.

ఆ కాయ ఏమయిందో నాకు తెలుసు. మరునాడు మదనపల్లె వచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వొక్కదానివే తిను, ఎవురికీ పెట్టొద్దు," అని కాఫీ కూడా తాగకుండా పోయాడు. బిచ్చం వేసినట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆ నిమ్మకాయతో పూజగదిలో ఇత్తడి చెంబు తోమాను. బాగా తెల్లబడింది.

జూన్ 15

ఎత్తుతున్నాడు. అనుమానం లేదు.

జూన్ 17, ఆదివారం

సంవత్సరీకం నాటికి మా మేనత్త మునిరత్నమ్మ నా పక్కన ఉండాలి. ఆమె మాటంటే మా వాళ్ళందరికీ లెక్క. రెడ్డెప్పకైతే మరీనూ. ముందు పుంగనూరు పోయి ఆమెకు చూపించాలి. కాని ఆమె ఇంట్లో ఉండేది పాత వీసీడీ ప్లేయరు. డీవీడీ పెడితే "నో డిస్క్" అని నోరు వెళ్ళబెడుతుంది. అంటే దీన్ని కుదించి సీడీలోకి కొట్టాలి.

మా ఆయన సాయికుమార్ అంగళ్ళు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటారు. ఇంట్లో కంప్యూటరు కూడా ఆయనే పార్టులు తెచ్చి బిగించారు. నేర్పించమంటే ముఖం ముడుచుకుని నేర్పించారు. సాఫ్ట్‌వేర్‌లో డిస్కు తెరిస్తే అందులోని వీడియోల లిస్టు వస్తుంది. అన్నింటికంటే పొడుగైనది అదే పట్టుకుంది. కింద ఇంకో చిన్నది కూడా ఉంటే ఇదేమిటన్నాను.

"మెనూనో ఏదో అయ్యుంటాది. వదిలెయ్," అన్నారు.

వదిలేశాను. మొదలుపెట్టాక కంప్యూటరు మూలుగుతూ ఒక్కో శాతం ముందుకు పోతోంది. అన్నం వండాను, బట్టలు ఉతికాను, తొమ్మిదో తరగతి నోటుబుక్కులు దిద్దాను. దాదాపు అయిపోవచ్చిందనగా కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు అరిచి అదీ చచ్చింది. మళ్ళీ మొదటినుంచీ.

జూన్ 19

మళ్ళీ కరెంటు. మళ్ళీ మొదటినుంచీ. కరెంటాఫీసు వాళ్ళు కూడా రెడ్డెప్ప మనుషులేనేమో.

జూన్ 20, బుధవారం

"దీంతో ఏం సాధిస్తావు?" అని అడిగారు ఈయన, అన్నం తింటూ.

"నిజం."

"నిజం తెలిసి మీ నాయన వస్తాడా?"

"రాడు. ఆయనను పంపినోడు మాత్రం తలెత్తుకోని తిరగడు."

ఈయన మజ్జిగ పోసుకున్నారు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, నేను మండుతుంటే మజ్జిగ పోసుకుంటారు. మా ఇద్దరి మధ్య పిల్లల సంగతి కూడా ఇట్లాగే అయింది. తిరుపతి, వేలూరు, ఆ మాత్రలు, ఈ టెస్టులు. చివరికి ఒకరోజు "చాల్లే వసుధా, మనం బాగానే ఉండాం కదా," అన్నారు. అంతటితో ఆ మాట మా ఇంట్లో అయిపోయింది. మా నాయన ముందు కూడా ఎవరూ ఎత్తకూడదని నేనే ఆర్డరు వేశాను.

సీడీ మాత్రం అయింది.

జూన్ 24, ఆదివారం. పుంగనూరు నుంచి వచ్చాక.

అత్త కళ్ళద్దాలు తుడుచుకుని టీవీ ముందుకు జరిగి కూర్చుంది. తమ్ముడి ముఖం కనపడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికి పోలేదు నేను. మాను దగ్గరికి రాగానే ఆపి చూపించాను.

"చూడత్తా. వాడి చేతులు చూడు."

అత్త ముందుకు వంగింది. నేనూ వంగాను. ఇంట్లో కంప్యూటరులో అంత చెడ్డగా లేదు. అత్త ఇంటి పెద్ద టీవీలో మాత్రం నాయన నడుము దగ్గర అంతా గళ్ళు గళ్ళుగా విడిపోయింది. ఏది పంచె, ఏది చెయ్యి, తెలియదు. నాయన ముఖం రంగు పూసిన ముద్ద. రెడ్డెప్ప ముఖమైతే లేనే లేదు.

"ఇందులో ఏముండాదని సూసేది?" అంది అత్త. "సెయ్యి యాడుండాదే?"

"ఎత్తతాండాడు అత్తా. పైకి తోస్తాండాడు."

"నీకు కనపడతాండాదేమో. నాకు సంగటి మాదిరి కనపడతాండాది." కళ్ళద్దాలు తీసేసింది. "సూడు వసుధా. నువ్వు చెప్పేది నిజమే అయితే నేనే నలుగురిలో అడగతా వాణ్ని. కూలబెట్టి అడగతా. కాని నాకు కండ్లకు కనపడాల. బాగుండేది ఇంకోటి తీసుకోనిరా."

"తెస్తా."

"రెడ్డెప్ప అట్లాంటోడు కాదే," అంది, నేను చెప్పులు వేసుకుంటుంటే.

అందరికీ అంతే. రెడ్డెప్ప మెత్తనోడు, రెడ్డెప్ప మంచోడు. నోరున్నది నాకు కాబట్టి చెడ్డదాన్ని నేను.

జూన్ 25

సంగటి మాదిరి.

జూలై 1, ఆదివారం

నిజాముద్దీన్‌కు ఫోన్ చేశాను. ఆ పాట ఎందుకు వేశావు, నాకు పాట లేని వీడియో కావాలన్నాను. అతను నసిగాడు. గట్టిగా అడిగితే బయటపెట్టాడు.

"నేనై నేను ఎయ్యలేదమ్మా. రెడ్డెప్పే ఎయ్యమన్నాడు. మాను కాడ మాటలు ఒగటి కూడా వినపడకూడదన్నాడు. పక్కనే కూర్చోని ఏపిచ్చినాడు."

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దాచవలసింది లేకపోతే దాచేదెందుకు?

"అసలు క్యాసెట్ ఏది?" అన్నాను.

"దాని మీద యాదో పెండ్లి తీసేసినామమ్మా." మళ్ళీ తనే అడిగాడు. "నువ్వు ఆ డిస్కు అంతా సూసినావా?"

"చూడకుండానే ఫోన్ చేస్తాండానా?" అని పెట్టేశాను. దొంగలకు దొంగలు.

జూలై 2

పక్కన కూర్చుని వేయించాడు. పక్కన కూర్చుని. నాయన పోయి నెల కూడా కాకముందే అయ్యుంటుంది. కన్నతండ్రి మాటల మీద పాట పోయించడానికి వీడికి చేతులెట్లా వచ్చాయి?

జూలై 8, ఆదివారం

వచ్చాడు. మార్కెట్‌కు టమోటా లోడు తెచ్చాడట. వరండాలో ఒక బాక్సు దింపి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. సన్నబడ్డాడు. మనసులో ఉన్నది మనిషిని తినేస్తోంది. తిననీ.

ఈయన లోపలికి రమ్మన్నారు. నేను వాకిలి దగ్గరే నిలబడ్డాను.

"కుప్పం పోయి డీవీడీ తెచ్చుకున్నావంట," అన్నాడు.

"తెచ్చుకున్నా. తేకూడదా?"

"అంతా సూసినావా?"

"చూసినా. నువ్వు పాట పోసి కప్పెట్టింది కూడా చూసినా."

భయపడతాడనుకున్నాను. భయం లేదు. ఏదో బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. ఎంత ఒళ్ళు కొవ్వు.

"పాట బాగానే ఏసినాడు కదా," అన్నాడు.

"సంవత్సరీకం రోజు అందరికీ వేసి చూపిస్తా."

అప్పుడు భయం వచ్చింది. తువ్వాల భుజాన వేసుకుని ఒక మెట్టు ఎక్కాడు.

"వద్దు పాపా. ఎవురికీ సూపియ్యొద్దు. నలుగురూ తవ్వతారు, నీకే మంచిది కాదు."

"బెదిరిస్తాండావా?"

"బెదిరించేదేముండాది మా. చెప్తాండా. నన్ను ఏమన్నా అను. తిట్టు. ఇంటికి రాకపోయినా పర్వాలేదు. దాన్ని మాత్రం తీసి పక్కన పెట్టు."

"పో."

పోయాడు. ఈయన నావైపు అదోలా చూసి టమోటాలు లోపల పెట్టుకున్నారు. నేను ఒక్కటి కూడా వండను. పక్కింటివాళ్ళకు ఇచ్చేస్తాను.

జూలై 9

నన్ను ఏమన్నా అను, అన్నాడు. అంటాను. ఆ రోజు అందరి ముందూ అంటాను.

జూలై 15, ఆదివారం

ఎట్లా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఈయన పొద్దున్నే ఏదో పనిమీద పుంగనూరు పోయారు. ఈసారి ఎక్కువ కుదించకుండా, సీడీ నిండేంత సైజు పెట్టి, మాను దగ్గరి భాగం మాత్రమే తీద్దామని డిస్కు మళ్ళీ పెట్టాను. లిస్టు వచ్చింది. పొడుగైనది పైన, చిన్నది కింద. మెనూ అన్నారు కదా అని ఇన్నాళ్ళూ తాకలేదు. డిస్కులో మెనూయే లేదని ఇవాళ తట్టింది. టీవీలో పెడితే నేరుగా పాటతోనే మొదలవుతుంది కదా. మరి ఇది ఏమిటి? నొక్కాను.

బొమ్మ అదే. మాను, ఎండ, తడిచీరలు. పాట లేదు.

డప్పులు. మైకు కీచుమంటోంది. ఎవరో పిల్ల ఏడుస్తోంది. నాయన మొదటి అడ్డకర్ర మీద కాలు పెట్టాడు. రెడ్డెప్ప వెనకనుంచి రెండు చేతులూ నడుముకు వేశాడు.

"దిగు నాయనా. నేనెక్కుతా అన్నా కదా. డాక్టరు ఏం చెప్పినాడు నీకు?"

"వదలరా. చేతులు తియ్."

"తియ్యను. నీ కాళ్ళు పట్టుకుంటా, దిగు."

"పాపకు ఒగ కాయ ఇయ్యాల నేను. నా సేత్తో ఇయ్యాల. నువ్వెక్కితే నాకు నమ్మకం సాలదు."

"పాప రానే లేదు కద నాయనా. ఈడ యాడుండాది?"

"అది రాదు. దానికి సిగ్గు. అది రాలేదని నేను ఎక్కకుండా ఉంటానా? నువ్వు కింద నిలబడు. నీకు ఏస్తా. పట్టుకోని పోయి దాని సేతికియ్యి."

"నాయనా…"

"దానికోసరం ఎక్కినానని మాత్రం చెప్పొద్దు. తెలిస్తే అది బతికినంత కాలం ఏడస్తాది. చెప్పినావంటే నా మీదొట్టు."

అప్పటికి కూడా ఆ చేతులు వదలలేదు. నాయనే వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుని పైకి పోయాడు.

అవే చేతులు. అదే నడుము. ఎత్తడం కాదు.

జూలై 16

సౌండు సరిగ్గా లేదు. డప్పుల్లో ఏ మాటైనా ఎట్లాగైనా వినపడుతుంది.

జూలై 17

మా ఊళ్ళో ప్రతి తండ్రీ కూతుర్ని పాప అనే పిలుస్తాడు. ఎవరి పాప అని అన్నాడో.

జూలై 18

ఇంకెవరి పాప.

జూలై 20, శుక్రవారం

నాయనా, నిన్ను ఎవరడిగారు?

నేను అడిగానా? కాయలతో పిల్లలు పుట్టరని నీకు తెలియదా? వేలూరు డాక్టర్లు చెప్పలేనిది నీ నిమ్మకాయ చెబుతుందా? నేను రానంటే కోపం తెచ్చుకుని గమ్మున పడుకోవచ్చు కదా. గుండెలో నొప్పి పెట్టుకుని అంత ఎత్తు ఎక్కి, నా మీద ఇంత బరువు వేసి, నాకు తెలియకూడదని ఒట్టు పెట్టించి పోతావా? నాకు పిల్లలు లేకపోయినా నేను బాగానే ఉన్నాను. నువ్వు ఉంటే ఇంకా బాగా ఉండేదాన్ని.

ఇవాళ బడిలో ఒక పిల్లను ఊరికే కొట్టాను. ఒత్తు తప్పు రాసిందని. తర్వాత పిలిచి చాక్లెట్ ఇస్తే అది తీసుకోలేదు. సరిగ్గానే చేసింది.

జూలై 22, ఆదివారం

నిజాముద్దీన్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. నేను ఏమీ అడగకముందే అన్నాడు.

"సూసినావా అమ్మా?"

"చూసినా భాయ్."

"తప్పయింటే మన్నించు. రెడ్డెప్ప పాట ఎయ్యమన్నాడు, ఏసినా. అసలుది సెరిపేయమన్నాడు. సెయ్యి రాలా. గంగులప్పన్న గొంతు కదా అది. డిస్కులో సోటుండాదని వెనకాల పెట్టినా. టీవీలో అది పలకదు. కంప్యూటర్లో ఎతికేవాళ్ళకే తెలస్తాది. రెడ్డెప్పకు కూడా తెల్దు."

"నాతో ముందే యాల చెప్పలేదు?"

"ఒట్టు కదమ్మా. రెడ్డెప్ప నాతోనూ ఏపిచ్చుకున్నాడు."

ఎవరిని తిట్టాలో తెలియక ఆ పూట పొయ్యిని, చీపురును, ఈయనను తిట్టాను. ఈయన ఎందుకని అడగలేదు. టమోటా పప్పు చేశారు.

ఆగస్టు 5

పూజగదిలో చెంబు కనపడకుండా బీరువాలో పెట్టాను.

ఆగస్టు 19, ఆదివారం

అత్త ఫోన్. "బాగుండేది దొరికిందా?" అంది.

"దొరికింది."

"తీసుకోని రా. తిండ్లయినాక అందరినీ కూసోబెడతా."

వద్దని చెప్పి ఉండవచ్చు. నోరు రాలేదు. సంగతి ఎత్తినదాన్ని నేనే, రెడ్డెప్ప నాయనను చంపాడని కుప్పం నుంచి పుంగనూరు దాకా చెప్పినదాన్ని నేనే. ఇప్పుడు వద్దంటే ఆ మాట వాడి నెత్తిమీద అట్లాగే ఉండిపోతుంది. ఏ దారి చూసినా నాకు ముల్లే. చిన్న వీడియోను ఇవాళ సీడీలోకి కొట్టాను. కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.

ఆగస్టు 27, సోమవారం

నిన్న సంవత్సరీకం జరిగింది. అన్న పొద్దున్నుంచీ పంచె తడి ఆరకుండా తిరుగుతూనే ఉన్నాడు. పిండాలు పెట్టేటప్పుడు ఒకసారి నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను, అలవాటు కొద్దీ.

భోజనాలు అయ్యాక అత్త హాల్లో చాప పరిపించి చుట్టాలందరినీ కూర్చోబెట్టింది. ఆమె ముందే కొందరి చెవిన వేసినట్టుంది. అందరూ అన్నను చూసే చూపు వేరేగా ఉంది. మా వదిన వంటింటి గుమ్మం దాటి రాలేదు. ఆ చూపులన్నీ తయారుచేసింది నేను. నా చేతులారా తయారుచేశాను.

"పెట్టు వసుధా," అంది అత్త.

సీడీ పెట్టాను. అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఏమైనా కానీ అన్నట్టు. ఆ పాట మొదలవుతుందనుకున్నాడు. డప్పు వినపడగానే తల ఎత్తాడు. మైకు కీచుమంది. నాయన కాలు అడ్డకర్ర మీదికి వచ్చింది. "దిగు నాయనా," అని టీవీలో అన్న గొంతు వినపడగానే అందరూ కదిలారు.

"నేనెక్కుతా అన్నా కదా…"

"అదిగో," అన్నారెవరో. "వాడు వద్దంటానే ఉండాడే."

అంతవరకు వినిపించి ఆపేస్తే చాలు. అన్న మీది నింద పోతుంది, నా సంగతి ఎవరికీ తెలియదు. రిమోటు నా చేతిలోనే ఉంది. ఆపుదామని నాకు తట్టలేదని రాస్తే అబద్ధం. తట్టింది. ఆలోచిస్తూనే ఉన్నాను, అంతలో అన్న గబగబా మనుషుల్ని దాటుకుని వచ్చి ప్లగ్గు పీకేశాడు.

"కరెంటు పోయింది," అన్నాడు. "లేయండి, లేయండి. కాఫీ తాగండి."

పైన ఫ్యాను తిరుగుతోంది. అందరూ ఫ్యానును చూశారు, అన్నను చూశారు. ఆయన ప్లగ్గు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. చెల్లెలి మానం పోకుండా ఉంటే చాలు, తాను హంతకుడిగా ఉండిపోయినా సరే. మనిషికి అబద్ధం చెప్పడం కూడా చేతకాదు.

"కరెంటు ఉండాదిలేన్నా," అన్నాను. "పెట్టు."

"వద్దు పాపా. ఒట్టు."

"ఒట్టు నీకు. నాకు లేదు. అందరూ వినాల. పెట్టు."

పెట్టలేదు. నేనే లేచి ఆయన చేతిలోనుంచి తీసుకుని పెట్టాను. నాయన గొంతు ఇల్లంతా నిండింది. పాపకు ఒగ కాయ ఇయ్యాల నేను. అది రాదు. దానికి సిగ్గు. నేను టీవీ పక్కనే, అందరికీ ఎదురుగా నిలబడి విన్నాను. ఎన్నేళ్ళుగానో తప్పించుకున్న చూపులన్నీ ఒకేసారి నా కడుపు మీదికి వచ్చాయి. రానిచ్చాను. అత్త కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె రెడ్డెప్పను ఏమీ అడగలేదు. నన్నూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాయన పైనుంచి కాయ విసిరాడు. అన్న ఎగిరి పట్టుకున్నాడు.

సాయంత్రం బస్సు దాకా అన్న సాగనంపడానికి వచ్చాడు. ఈయన సంచులు పట్టుకుని ముందు నడిచారు. మన్నించమని ఎట్లా అడగాలో నాకు రాదు, ఎప్పుడూ రాలేదు. అన్న కూడా అడగనియ్యకుండా టమోటా రేటు పడిపోయిందని, బోరు ఎండిపోయిందని ఏవేవో చెబుతూ వచ్చాడు. బస్సు కనపడ్డాక ఆగాడు. నేలవైపు చూస్తూ అడిగాడు.

"ఆ కాయ తిన్నావా పాపా?"

బస్సు వచ్చి ఆగింది. ఈయన ఎక్కి నాకోసం సీటులో తువ్వాల వేశారు.

"తిన్నానన్నా," అన్నాను. "మొత్తం తిన్నా."

అన్న తల ఊపాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.